రాజు బల్ల దగ్గర తిని నిజం చెప్పడం

2025 మార్చి 15, శనివారం. వాషింగ్టన్‌లో వాయిస్ ఆఫ్ అమెరికా వార్తాసంస్థలో పనిచేసే దాదాపు 1,300 మందికి ఈమెయిల్ వచ్చింది. జీతం వస్తుంది గాని ఆఫీసుకు రావద్దు, పని చేయవద్దు అని దాని సారాంశం. ఆ సంస్థను నడిపే ప్రభుత్వ విభాగాన్ని చట్టం అనుమతించినంత మేరకు కుదించాలన్న ఉత్తర్వుపై అధ్యక్షుడు ట్రంప్ అంతకు ముందురోజే సంతకం చేశారు. డైరెక్టరుతో సహా అందరూ ఇంట్లో కూర్చున్నారు. దాదాపు 50 భాషల్లో వార్తలు చెప్పిన గొంతు ఆగిపోయింది. కొన్ని ప్రసారాల్లో వార్తల చోట సంగీతం వినిపించింది. రెండో ప్రపంచ యుద్ధం మధ్యలో, 1942 ఫిబ్రవరిలో మొదలైన ఆ రేడియో 83 ఏళ్లలో ఇలా మూగబోవడం అదే మొదటిసారి.

అమెరికా తన రేడియోను తానే మూసుకుంటే మన సంఘాలకేమిటి అని అడగవచ్చు. ఈ పత్రికలో ప్రతివారం శ్రమపడుతున్న సంఘాల కోసం ప్రార్థనాంశాలు వేస్తున్నాం. ఉత్తర కొరియా, చైనా, ఇరాన్, మయన్మార్ అని దేశాల పేర్లు చదివి ఆదివారం కాపరులు ప్రార్థన చేయిస్తారు. ఆ దేశాల్లో మాకు విలేకరులు లేరు. ఆ సమాచారం ఎక్కడినుంచి వచ్చిందని తీగ లాగితే చాలాసార్లు వాయిస్ ఆఫ్ అమెరికా, రేడియో ఫ్రీ ఏషియా వంటి సంస్థలే తేలతాయి. చైనాలో ఇంటి సంఘాల మీద దాడుల గురించి, టిబెట్ బౌద్ధుల గురించి, ఉయ్‌గుర్ ముస్లింల నిర్బంధ శిబిరాల గురించి ఏళ్ల తరబడి చెప్పుకొచ్చిన రేడియో ఫ్రీ ఏషియా కూడా అమెరికా ప్రభుత్వ నిధులతో నడిచిందే. అదే ఉత్తర్వు వెంట దాని నిధులకూ గండి పడింది. కాబట్టి ఈ వార్త మన ప్రార్థన పట్టీని నేరుగా తాకింది.

ఆ రోజుల్లో ఒక సంఘ పెద్దగారు మాతో అన్న మాట ఇంకా గుర్తుంది. "అయ్యా, ప్రభుత్వం ఉప్పు తింటూ ప్రభుత్వాన్నే తప్పుపడితే ఊరుకుంటారా? మన ఇంట్లో పనివాడు అలా చేస్తే మనం ఉంచుకుంటామా?" ఆయన అమాయకంగా అడగలేదు, వెటకారంగానూ అడగలేదు. వైట్‌హౌస్ అప్పుడు ఇచ్చిన ప్రకటన సారాంశం కూడా దాదాపు ఇదే. పన్నులు కట్టేవారు తమకు నచ్చని ప్రచారానికి డబ్బు పెట్టనక్కర్లేదని. మన దేశంలోనూ చాలామంది మనసులో ఉన్న ప్రశ్న ఇది. దీన్ని తేలిగ్గా తీసివేయలేం.

ఉప్పు తినే వార్తాసంస్థ ఎవరి పనివాడు అన్నదే ఇక్కడ అసలు చిక్కు. అమెరికా చట్టం దీనికి ఒక జవాబు చెప్పింది. 1976 జూలైలో అధ్యక్షుడు ఫోర్డ్ సంతకంతో వాయిస్ ఆఫ్ అమెరికా నియమావళి చట్టమైంది. వార్తలు ఖచ్చితంగా, నిష్పక్షంగా, సమగ్రంగా ఉండాలి. అమెరికా సమాజంలో ఏదో ఒక వర్గానికి గాక మొత్తం సమాజానికి అద్దం పట్టాలి. ప్రభుత్వ విధానాలను స్పష్టంగా వినిపించాలి, వాటిపై జరిగే చర్చనూ వినిపించాలి. ఆ తరువాతి చట్టాలు రాజకీయ నాయకులకూ వార్తాగదికీ మధ్య ఒక గోడ కట్టాయి. డబ్బు కాంగ్రెస్ ఇస్తుంది, అధికారులను అధ్యక్షుడు నియమిస్తాడు, కానీ ఏ వార్త వేయాలో వారు చెప్పకూడదు. ఆ సంస్థలో ఆ గోడను అగ్నినిరోధక గోడ అనే పిలిచేవారు.

ఆ గోడ ఎంత బలమైనదో 2001 సెప్టెంబరులో ఒకసారి తెలిసింది. న్యూయార్క్ జంట భవనాలు కూలి రెండు వారాలు కాలేదు. వాయిస్ ఆఫ్ అమెరికా తాలిబాన్ నాయకుడు ముల్లా ఒమర్‌ను ఇంటర్వ్యూ చేసింది. అమెరికా ప్రజల సొమ్ముతో శత్రువు గొంతు వినిపిస్తారా అని విదేశాంగ శాఖ అడ్డుపడింది. కొన్ని రోజులు ఆపారు. చివరికి ఆ ఇంటర్వ్యూలోని భాగాలను ఒక వార్తాకథనంలో కలిపి ప్రసారం చేశారు. ఆ రోజుల్లో అమెరికాలో ఉన్న ఆవేశం తలచుకుంటే ఇది చిన్న పని కాదు.

ఇక 2020లో అదే గోడను లోపలినుంచే తవ్వారు. అంతకు నాలుగేళ్ల ముందు కాంగ్రెస్ ఒక మార్పు చేసింది. ఇరు పార్టీల సభ్యులతో ఉండే పాలకమండలి అధికారాలన్నీ తీసి, అధ్యక్షుడు నియమించే ఒకే ఒక్క ప్రధానాధికారి చేతిలో పెట్టింది. పని త్వరగా సాగుతుందని చెప్పారు. (సంఘాల్లో కమిటీలను పక్కనబెట్టి అంతా ఒక్కరి చేతిలో పెట్టేటప్పుడు కూడా ఇదే కారణం చెబుతారు.) 2020 జూన్‌లో ఆ కుర్చీలోకి మైకేల్ ప్యాక్ వచ్చారు. వాయిస్ ఆఫ్ అమెరికా డైరెక్టరు, ఆమె తరువాతి అధికారి రాజీనామా చేశారు. వైట్‌హౌస్ వార్తలు రాసే విలేకరి మీద పక్షపాతం పేరుతో విచారణ సాగింది. అక్టోబరులో ఆయన ఆ అగ్నినిరోధక గోడ నిబంధననే రద్దు చేస్తున్నానన్నారు. నవంబరులో ఫెడరల్ న్యాయమూర్తి బెరిల్ హోవెల్ వార్తాగదిలో జోక్యం చేసుకోవద్దని ఆయనకు ఆదేశమిచ్చారు. 2021 జనవరిలో విదేశాంగ మంత్రి ఆ కార్యాలయానికి వచ్చి ప్రసంగించారు. వెళుతున్న ఆయన వెంట నడుస్తూ ప్రశ్న అడిగిన విలేకరిని ఆ రోజే వైట్‌హౌస్ బాధ్యతల నుంచి తప్పించారు. ప్రభుత్వం మారాక ఆమె తిరిగి ఆ పనిలోకి వచ్చింది. ఇంతకూ ఆమె చేసిందల్లా ప్రశ్న అడగడమే.

1 రాజులు 22వ అధ్యాయం మన సంఘాలకు కొత్త కాదు. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోవాలా వద్దా అని అహాబు అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే నోటితో పొమ్మన్నారు. అంతకు నాలుగు అధ్యాయాల ముందే యెజెబెలు బల్ల దగ్గర భోజనం చేసే ప్రవక్తల మాట కూడా వస్తుంది. యెహోషాపాతుకు ఆ నాలుగు వందల మంది మాట మీద నమ్మకం కుదరక ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఇమ్లా కుమారుడైన మీకాయాను పిలవడానికి ఒక దూత వెళ్లాడు. ఆ దూత బెదిరించలేదు. మిగతావాళ్లంతా రాజుకు అనుకూలంగానే చెప్పారు, నీ మాట కూడా వారి మాటతో కలిసేలా చూసుకో అని మంచిమాటగా సలహా ఇచ్చాడు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే వార్తాగదుల్లో ఒత్తిడి ఎక్కువగా ఇలాగే వస్తుంది. రాతపూర్వకంగా ఆజ్ఞ ఎవరూ ఇవ్వరు. ఒక మంచి మిత్రుడు ఫోన్ చేస్తాడు.

మీకాయా చెరసాల పాలై కొంచెం అన్నం, కొన్ని నీళ్లతో ఉండవలసి వచ్చింది. ఇంతవరకు మనం తరచూ వినే ప్రసంగమే. కానీ ఆ తరువాతి మాట మీద మనం అంతగా ఆగం. అహాబు యుద్ధానికి మారువేషంలో వెళ్లాడు. నాలుగు వందల మంది జయమని చెబితే రాజవస్త్రాలతోనే పోవచ్చు కదా! తాను పోషించినవారి మాట మీద ఆయనకే నమ్మకం లేదు. తాను చెరలో వేయించిన మనిషి మాటే లోపల పనిచేసింది.

2025 జూన్‌లో ఇదే జరిగింది. ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టగానే, మార్చిలో ఇంటికి పంపిన వాయిస్ ఆఫ్ అమెరికా పర్షియన్ విభాగం ఉద్యోగులను అదే ప్రభుత్వం హడావుడిగా వెనక్కి పిలిపించింది. ఇరాన్ ప్రజలు నమ్మి వినే గొంతు కావలసి వచ్చింది. వారం తిరగకముందే, జూన్ 20న 639 మందికి తొలగింపు నోటీసులు వెళ్లాయి. అలా పిలిపించినవారిలో కొందరు కూడా ఆ జాబితాలో ఉన్నారు. కోర్టులో మాత్రం ఏప్రిల్ 22నే న్యాయమూర్తి రాయిస్ లాంబర్త్, చట్టం చెప్పినట్టు నమ్మదగిన వార్తాసంస్థగా దాన్ని నిలపాలని ఆదేశించారు. ఆ తీర్పులో ఉద్యోగుల విషయాన్నీ, ఇతర సంస్థల నిధుల విషయాన్నీ పైకోర్టు మే నెలలో నిలిపివేసింది. ప్రసారాలు కొద్ది భాషల్లో, కొద్ది సేపు మాత్రమే మొదలయ్యాయి.

మీకాయా కథ ఒక్కటే చెప్పి ఆగితే రాజు డబ్బు ముట్టినవాడు నిజం చెప్పలేడని తేలుతుంది. అది పూర్తి నిజం కాదు. నాతాను దావీదు ఆస్థానంలో మనిషే, రాజభవనంలోకి నేరుగా వెళ్లగలిగినవాడు. ఊరియా విషయంలో రాజు ముఖం మీదే తప్పు చూపించాడు. నాతాను ధైర్యం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. దావీదు అతణ్ణి ఉద్యోగంలోంచి తీసేయలేదన్నది కూడా అంతే పెద్ద విషయం. సొలొమోనుకు రాజ్యాభిషేకం జరిగే రోజుకు కూడా నాతాను అక్కడే ఉన్నాడు. అయితే ప్రతి రాజూ దావీదు కాడు. రాజు మనసు మంచిదైనా కాకపోయినా నాతాను ఉద్యోగం నిలవాలంటే చట్టం కావాలి, ఆ చట్టాన్ని అమలుచేసే కోర్టు కావాలి.

బ్రిటన్ అనుభవం ఇందుకు మరో సాక్ష్యం. 1956లో సూయెజ్ కాలువ మీద దాడికి దిగిన ప్రధాని ఈడెన్ రేడియోలో మాట్లాడితే, మర్నాడు ప్రతిపక్ష నేత గెయిట్‌స్కెల్ జవాబు చెప్పడానికి బీబీసీ అంతే అవకాశం ఇచ్చింది. విదేశీ భాషల ప్రసారాలకు అప్పట్లో డబ్బు విదేశాంగ శాఖే ఇచ్చేది. ఆ శాఖ తన మనిషిని తెచ్చి ఆ ప్రసారాల కార్యాలయంలో కూర్చోబెట్టింది, పది లక్షల పౌన్లు కోస్తామని బెదిరించింది. అయినా బ్రిటన్‌లో ఈ యుద్ధాన్ని వ్యతిరేకించేవారు కూడా ఉన్నారన్న మాట అరబ్బీ శ్రోతలకూ చేరింది.

అదే బీబీసీ అంతకు 30 ఏళ్ల ముందు చేసిన పని మాత్రం క్రైస్తవులుగా మనం తప్పక తెలుసుకోవాలి. 1926 మే నెలలో బ్రిటన్‌లో గని కార్మికులకు మద్దతుగా సార్వత్రిక సమ్మె జరిగింది. కాంటర్బరీ ఆర్చిబిషప్ రాండల్ డేవిడ్‌సన్, ఇతర సంఘ నాయకులతో కలిసి రాజీకోసం ఒక విన్నపం సిద్ధం చేసి రేడియోలో చదవాలనుకున్నారు. బీబీసీ అధిపతి జాన్ రీత్ కుదరదన్నారు. ప్రభుత్వానికి కోపం వస్తే తన సంస్థను స్వాధీనం చేసుకుంటుందని ఆయన భయం. నాలుగు రోజుల తరువాత గాని ఆర్చిబిషప్ గొంతు వినిపించలేదు. మర్నాడే సమ్మె ముగిసింది. రీత్ నాస్తికుడేమీ కాదు, స్కాట్లాండ్ పాదిరిగారి కుమారుడు. ప్రభుత్వం బీబీసీని ఎందుకు స్వాధీనం చేసుకోలేదో ఆయనే తన డైరీలో రాసుకున్నారు. మేము పూర్తి నిష్పక్షంగా ఉండబోమని వారికి తెలుసు అన్నది దాని భావం. సంస్థను కాపాడుకోవడానికి సంస్థ ఉన్న కారణాన్నే పక్కన పెట్టడం అంటే ఇదే.

మన భాషలో బీబీసీ తెలుగు 2017 అక్టోబరు 2న మొదలైంది. బ్రిటన్ ప్రభుత్వం అదనంగా ఇచ్చిన నిధులతో తెచ్చిన కొత్త భాషల్లో తెలుగు ఒకటి. తెల్లవాళ్ల డబ్బు అని మన ఊళ్లలో అనేవారున్నారు. నిజమే. మరి మన డబ్బుతో నడిచేది ఎలా ఉందో కూడా చూడాలి కదా.

ఆకాశవాణి మనకు పరాయిది కాదు. విజయవాడ, హైదరాబాదు కేంద్రాల ప్రాంతీయ వార్తలతో పొద్దు మొదలుపెట్టిన తరం ఇంకా మన సంఘాల్లో ముందు వరుసలో కూర్చుంటోంది. 1975లో అత్యవసర పరిస్థితి విధించినప్పుడు ఆ గొంతు పూర్తిగా ప్రభుత్వ గొంతైంది. 1984 అక్టోబరు 31 ఉదయం ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగితే, ఆమె మరణవార్త ఆకాశవాణి సాయంత్రం గాని చెప్పలేదు. అప్పటికే బీబీసీ విన్నవాళ్లకు సంగతి తెలిసిపోయింది. దేశ ప్రధాని చనిపోయారన్న కబురు కోసం లండన్ రేడియో తిప్పవలసిన స్థితి మనది.

1977 ఎన్నికల తరువాత బి.జి. వర్గీస్ అధ్యక్షతన వేసిన కమిటీ, ఆకాశవాణి దూరదర్శన్‌లను ప్రభుత్వం చేతిలోంచి తీసి ఒక స్వతంత్ర ధర్మనిధికి అప్పగించమని చెప్పింది. అది జరగలేదు. 1990లో పార్లమెంటు ప్రసార భారతి చట్టం చేసింది. దాన్ని అమలులోకి తేవడానికి 1997 సెప్టెంబరు దాకా పట్టింది. ఏడేళ్లపాటు అధికారంలోకి వచ్చిన ఏ పార్టీకీ తొందర లేదు! ప్రతిపక్షంలో ఉన్నప్పుడు ఆకాశవాణి స్వేచ్ఛ గురించి మాట్లాడినవారే గద్దెనెక్కాక ఆ చట్టాన్ని అరలో పెట్టారు. చట్టం అమలైనా జీతాలకు ప్రభుత్వం వైపే చూడాలి, ఆదేశాలిచ్చే అధికారం కూడా ప్రభుత్వం తన దగ్గరే ఉంచుకుంది. 2017 ఆగస్టు 15న త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ స్వాతంత్ర్య దినోత్సవ ప్రసంగాన్ని మార్చి ఇస్తేనే వేస్తామని దూరదర్శన్, ఆకాశవాణి చెప్పాయి. ఆయన మార్చలేదు, ప్రసంగం రాలేదు. ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రికే ఈ గతి అయితే ఒక పల్లె సంఘ కాపరి గోడు ఎవరు వినిపిస్తారు? 2023 మే 3 తరువాత మణిపూర్‌లో మందిరాలు తగలబడుతున్న వారాల్లో, సంగతి తెలుసుకోవడానికి దూరదర్శన్ పెట్టుకున్న ఇల్లు మన సంఘాల్లో ఎన్ని ఉన్నాయో పాఠకులే చెప్పాలి.

క్రిస్మస్ నాడు రేడియోలో మన కీర్తనలు వినిపిస్తే మనం సంతోషిస్తాం, ఆ సమయం కోసం వినతిపత్రాలు ఇస్తాం. అది తప్పు కాదు. ఏడాదికి ఒక అరగంట పాటతో మనం తృప్తిపడి, మిగతా రోజుల వార్తల గురించి ఒక్క వినతిపత్రం కూడా ఇవ్వకపోవడమే మాకు బాధ కలిగించేది.

ఇంతా రాసి ఆ పెద్దగారికి ఫోన్‌లో వినిపించాము. ఆయన అంతా విని, "మరి మీ పత్రికకు డబ్బు ఎవరిస్తున్నారయ్యా?" అన్నారు. చందాలతో కాగితం ఖర్చు కూడా రాదని ఆయనకు తెలుసు. సంఘ సంస్థలు ఇచ్చే జూబిలీ ప్రకటనలు, ప్రతిష్ఠ పండుగల శుభాకాంక్షలు, ఫోటోలతో కూడిన ప్రత్యేక సంచికలు, వీటితోనే మేము నడుస్తున్నాం. మమ్మల్ని ఏ పెద్దా ఇది వేయవద్దని ఎన్నడూ ఆజ్ఞాపించలేదు. మంచిమాటగా సలహాలు మాత్రం వచ్చాయి.

నిరుడు ఒక పాఠకుడు మాకు ఉత్తరం రాశాడు. తమ ఊళ్లో పాత మిషన్ కాంపౌండ్ స్థలంలో కొంత భాగం లీజుకు ఇచ్చారని, ఆ అద్దె ఎంత వస్తోందో, ఎందుకు ఖర్చవుతోందో సంఘ సభ్యులకు లెక్క చెప్పాలని అడిగాడు. ఎవరినీ తిట్టలేదు. రెండు పేజీల ఉత్తరం, అడిగింది లెక్క మాత్రమే. ఆ నెలలోనే ఆ కార్యాలయం ప్రకటనలతో మా ప్రత్యేక సంచిక వస్తోంది. ఆ ఉత్తరాన్ని తరువాత చూద్దామని పక్కన పెట్టాము. ఎవరూ అడగకుండానే పెట్టాము. అది ఇంకా మా బల్ల సొరుగులోనే ఉంది.

వచ్చే వారం సంచికలో ఆ ఉత్తరం వేస్తున్నాం, రాసిన సహోదరుని అనుమతి తీసుకున్నాం. సంబంధిత కార్యాలయానికి దాని ప్రతి పంపాము. వారి జవాబు వస్తే అదే పేజీలో, అంతే నిడివిలో వేస్తాం.